నిదానంగా తిరిగే సెంటర్ బ్యాక్‌ను చూసి డిఫెన్స్ ఎంచుకోండి

ఫుట్‌బాల్‌లో బోర్డు మీద 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) అని రాసినంత మాత్రాన డిఫెన్స్ తయారైపోదు. అరిగో సాక్కి కోచ్‌గా ఉన్న ఏసీ మిలాన్ 4-4-2తోనే హాఫ్‌వే లైన్ దగ్గరి దాకా వెళ్లి నిలబడి 1989, 1990లలో యూరోపియన్ కప్ గెలిచింది. క్లాడియో రానియేరి నడిపిన లెస్టర్ సిటీ అదే 4-4-2తో తన సగంలోకి దిగి కాచుకుని, బంతి దొరకగానే ముందుకు పొడవుగా వదిలి 2015-16 ప్రీమియర్ లీగ్ కొట్టింది. అంకెలు ఒకటే, వెనక నిలబడ్డ మనుషులు వేరు. మిలాన్‌లో సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాచే డిఫెండర్) బరేసీకి బంతి ఎటు పడబోతుందో అవతలివాడి కాలు లేవకముందే తెలిసేది. లెస్టర్‌లో అదే చోట ఆడిన మోర్గాన్, హుత్‌లు గాల్లో బంతిని ఎవరికీ వదిలేవాళ్లు కాదు గానీ, వాళ్ల వెనక ముప్ఫై మీటర్ల ఖాళీ ఉంచితే పరుగులో ఎవరినీ అందుకోలేరు. ఆ సంగతి రానియేరికి తెలుసు కాబట్టే ఆ ఖాళీ ఉంచలేదు.

కోచ్ తేల్చుకోవాల్సినవి నిజానికి మూడే. వెనక గీత, అంటే డిఫెండర్ల వరుస, మన గోల్‌కు ఎంత దూరంలో ఉండాలి? ఆటగాడు మనిషిని కాయాలా, జాగాను కాయాలా? వెనక నలుగురా, ఐదుగురా? ఈ మూడింటికీ జవాబులు టీవీలో చూసిన జట్టులో దొరకవు, మీ పద్దెనిమిది మంది జాబితాలో దొరుకుతాయి. అందులోనూ మీ మెరుగైన డిఫెండర్‌ను చూసి కాదు, అందరికంటే నిదానంగా వెనక్కి తిరిగే సెంటర్ బ్యాక్‌ను చూసి ఎంచుకోవాలి. ఎదుటి జట్టు మొదటి పది నిమిషాల్లో వెతికి పట్టుకునేది అతన్నే.

ముందు కొలత, తర్వాత కుట్టు

ఒక సాయంత్రం ప్రాక్టీసు మొత్తం కొలతలకే ఇచ్చేయండి. గంటన్నర చాలు.

మొదటిది తిరిగి పరుగెత్తే పరీక్ష. సెంటర్ బ్యాక్ హాఫ్‌వే లైన్ మీద ముందుకు చూస్తూ నిలబడాలి. అతని పక్కనే, భుజానికి భుజం ఆనేలా, మీ జట్టులో వేగమైన ఫార్వర్డ్. ఎదురుగా 15 మీటర్ల దూరం నుంచి ఒకరు బంతిని వాళ్ల తలల మీదుగా లేపి, 25 మీటర్ల వెనక పడేలా వేయాలి. ఆరు బంతులు: మూడు కుడి భుజం మీదుగా, మూడు ఎడమ భుజం మీదుగా. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువసార్లు డిఫెండరే ముందు అందుకుంటే అతనితో గీతను పైకి జరపొచ్చు. రెండే అయితే ఆ ఆలోచన మానుకోండి. మూడు వస్తే గోల్‌కీపర్ ఎలాంటివాడో చూసి తేల్చాలి.

చాలామంది దీనికి బదులు 30 మీటర్ల పరుగుకు స్టాప్‌వాచ్ పట్టి సరిపెట్టుకుంటారు. అది మోసం చేస్తుంది. మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ పరుగు వెనక్కి తిరగడంతో మొదలవుతుంది. తిరగడంలో పోయిన అర సెకను ఫార్వర్డ్‌కు మూడు మీటర్లు చేతికిచ్చినట్టే. ఏ భుజం వైపు ఓడుతున్నాడో కూడా రాసుకోండి; జోడీలో అతన్ని కుడివైపు పెట్టాలో ఎడమవైపు పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

రెండోది గోల్‌కీపర్. గోల్‌కు 18 మీటర్లు ముందు నిలబెట్టి, డిఫెన్స్ గీతకూ అతనికీ మధ్య పడేలా పది బంతులు వేయించండి. మొదటి తాకుడుకే బయటికి కొట్టినవి ఎన్ని, సగం దాకా వచ్చి ఆగిపోయినవి ఎన్ని అని లెక్కపెట్టాలి. అసలు రానివాడి కంటే సగంలో ఆగేవాడితోనే ప్రమాదం ఎక్కువ. రానివాడికి తగ్గట్టు గీతను కిందకు దించుకోవచ్చు. ఆగేవాడి విషయంలో దేనికి సిద్ధపడాలో డిఫెండర్లకు తెలియదు. సహచరుడు కావాలని కాలితో ఇచ్చిన బంతిని కీపర్ చేత్తో పట్టకూడదన్న నిబంధన 1992లో వచ్చింది కాబట్టి, బలహీనమైన కాలితో ఎంత శుభ్రంగా కొడతాడో కూడా అప్పుడే చూసేయండి.

గాల్లో బలం తెలియాలంటే రెండు వైపుల నుంచి పదేసి క్రాస్‌లు వేయించి, ఇద్దరు సెంటర్ బ్యాక్‌లనూ ఇద్దరు ఫార్వర్డ్‌లనూ మధ్యలో వదలండి. ఎన్ని హెడర్లు గెలిచారన్నదొక్కటే చూస్తే చాలదు, తల తగిలాక బంతి ఎక్కడ పడిందో చూడాలి. పెనాల్టీ స్పాట్ దగ్గరే పడిన హెడర్‌ను గెలిచినట్టు లెక్క వేయకండి.

పక్కల ఆడేవాళ్లకు ఊపిరి పరీక్ష: 40 మీటర్ల పరుగు, ప్రతి 30 సెకన్లకు ఒకటి, మొత్తం పది. మొదటిది 6 సెకన్లలో పూర్తి చేసినవాడు పదోదాన్ని 6.6 లోపల ముగిస్తే వింగ్‌బ్యాక్‌గా (పక్కన పైకీ కిందకీ మొత్తం పరుగెత్తేవాడు) పనికొస్తాడు. అంతకు మించితే మామూలు ఫుల్‌బ్యాక్‌గానే (పక్కన కాచే డిఫెండర్) ఉంచండి.

డిఫెన్స్ ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్‌కు మాత్రం ఇలాంటి పరీక్ష లేదు. ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో పది నిమిషాలు అతన్నొక్కణ్ణే చూడండి. బంతి వేరేచోట ఉన్నప్పుడు తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకునేవాడు దొరికితే, బంతి నైపుణ్యం కాస్త తక్కువైనా అతన్ని వదులుకోవద్దు.

పై గీత, ముందు నుంచే ఒత్తిడి

అన్నింటికంటే చూడముచ్చటైనదీ, చేతగాకపోతే అన్నింటికంటే ఎక్కువ గోల్స్ ఇచ్చేదీ ఇదే. గీత హాఫ్‌వే లైన్‌కు అయిదారు మీటర్ల ఇవతల ఉంటుంది, ఫార్వర్డ్‌లు ఎదుటివాళ్ల బాక్స్ (పెనాల్టీ ఏరియా) దగ్గరే అడ్డుపడతారు. చివరి డిఫెండర్‌కూ మొదటి ఫార్వర్డ్‌కూ మధ్య 25 మీటర్లకు మించకూడదని సాక్కి పట్టుబట్టేవాడు. కాలేజీ, జిల్లా స్థాయి జట్లకు 30 నుంచి 35 మీటర్లు సాధ్యమైన లెక్క. అది 45 అయిందంటే ఆట రెండు ముక్కలైనట్టే: ముందు ముగ్గురు పరుగెడుతుంటారు, వెనక నలుగురు చూస్తుంటారు, మధ్యలో ఎదుటివాళ్లు తాపీగా తిరుగుతుంటారు.

దీనికి కావాల్సినవి తిరిగి పరుగెత్తే పరీక్షలో నెగ్గిన ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు, గోల్ వదిలి రావడానికి జంకని కీపర్, ఎప్పుడు దూకాలో తెలిసిన ఫార్వర్డ్‌లు. ఊరికే వెంటపడితే పది నిమిషాల్లో అలసిపోతారు. దూకడానికి సంకేతాలు ముందే ఒప్పుకోవాలి: ఎదుటి డిఫెండర్ మొదటి తాకుడు అదుపు తప్పడం, వెనక్కి పాస్ ఇవ్వడం, తన గోల్ వైపు తిరిగి ఉన్న ఫుల్‌బ్యాక్‌కు బంతి చేరడం, కీపర్ బలహీనమైన కాలి వైపు బంతి పడడం. ఈ నాలుగు చాలు, అంతకు మించితే ఎవరికీ గుర్తుండవు. దూకిన అయిదారు సెకన్లలో బంతి దొరక్కపోతే అందరూ వెనక్కి వచ్చి వరుసలో నిలబడాలి. 2019 నుంచి గోల్ కిక్‌ను బాక్స్ లోపలే అందుకోవచ్చు. బంతి కదిలేదాకా మీవాళ్లు బాక్స్ బయటే ఉండాలన్నది ముందుగా గుర్తు చేయండి, లేకపోతే కిక్ మళ్లీ తీయిస్తారు.

ఎక్కువ గోల్స్ పడేది ఒకే తప్పుతో. బంతి పట్టినవాడి మీద ఒత్తిడి లేదు, తల ఎత్తి చూస్తున్నాడు, అయినా మన గీత ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణంలో ఫార్వర్డ్ చివరి డిఫెండర్‌ను దాటి ఉండడం) వస్తుందిలే అని కదలకుండా నిలబడింది. అలాంటప్పుడు అడగకుండానే ఏడెనిమిది మీటర్లు వెనక్కి పరుగెత్తాలి. బంతి మీద ఒత్తిడి ఉంటేనే గీత పైకి, లేకపోతే వెనక్కి. ఈ ఒక్క నియమానికి మొదటి వారం మొత్తం ఇచ్చినా దండగ కాదు.

22 నవంబర్ 2022న ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా అర్జెంటీనాపై పైగీతతోనే ఆడి 2-1తో గెలిచింది. మొదటి సగంలోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్ కింద రద్దయ్యాయి. ఆ మ్యాచ్ చూసి ఉత్సాహపడేవాళ్లు ఒకటి మరిచిపోతారు: అక్కడ కెమెరాలు, వీడియో రిఫరీ ఉన్నారు. మన ఊరి టోర్నీలో లైన్స్‌మన్ గీతకు సమానంగా పరుగెత్తుతాడన్న భరోసా ఉండదు, కొన్నిచోట్ల జెండా పట్టేది ఆడని జట్టు కుర్రాడే. ఆఫ్‌సైడ్ ఉచ్చు మీద బతికే డిఫెన్స్‌ను అలాంటి చేతుల్లో పెట్టడం ఎందుకు? పైగా త్రో నుంచీ, గోల్ కిక్ నుంచీ, కార్నర్ నుంచీ నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదు; గోల్ కిక్‌ను దూరం కొట్టగల కీపర్ ఎదురైతే పైగీత ఆ క్షణంలో కిందకు దిగే తీరాలి.

నేల సంగతి కూడా చూసుకోవాలి. వేసవిలో గట్టిపడ్డ మైదానంలో గీత వెనక పడిన బంతి జారుకుంటూ కీపర్ దాకా పోతుంది కాబట్టి పైగీతకు కాస్త కలిసొస్తుంది. కానీ ఆ ఎండలో ప్రెసింగ్ ఇరవై నిమిషాలకు మించి సాగదు. వానాకాలంలో ఊపిరి నిలుస్తుంది గానీ బంతి బురదలో ఆగిపోయి, తిరిగి పరుగెత్తే ఫార్వర్డ్‌కు అచ్చం పాస్ ఇచ్చినట్టు దొరుకుతుంది.

మధ్యస్థ గీత: అనుమానం ఉంటే ఇదే

కొలతల్లో అన్నీ అంతంతమాత్రంగా వచ్చిన జట్టుకు, అంటే మనలో ఎక్కువ జట్లకు, ఇదే మంచి ఎంపిక. డియెగో సిమియోనె నడిపిన అట్లెటికో మాడ్రిడ్ 2013-14లో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్‌లను దాటి లా లీగా గెలిచింది ఇలాంటి బిగుతైన 4-4-2తోనే.

ఎదుటి సెంటర్ బ్యాక్‌లను బంతి ఆడుకోనివ్వాలి. మన ఇద్దరు ఫార్వర్డ్‌లు సెంటర్ సర్కిల్ దగ్గర ఆగి, మధ్యలోకి వెళ్లే పాస్‌ను మూసేసి, బంతిని పక్కకు తోలాలి. బంతి టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గరికి చేరాకే అసలు పట్టు; అక్కడ టచ్‌లైన్ మనకు పన్నెండో ఆటగాడు. వరుసకూ వరుసకూ మధ్య 10 నుంచి 12 మీటర్లు, మొత్తం జట్టు వెడల్పు 35 నుంచి 40 మీటర్లు. బంతి కుడివైపు ఉంటే మన ఆ వైపు ఫుల్‌బ్యాక్ బయటికి వెళ్తాడు, మిగిలిన ముగ్గురు అతని వైపు జరుగుతారు, అవతలి ఫుల్‌బ్యాక్ దూరపు గోల్‌పోస్ట్ తిన్నగా వచ్చి నిలబడతాడు. ఆ చివర ఎదుటి వింగర్ (పక్కన ఆడే ఫార్వర్డ్) ఒంటరిగా కనిపిస్తాడు, భయపడొద్దు. బంతి అక్కడికి గాల్లో చేరేలోగా జరగడానికి సమయం ఉంటుంది, జరగడం అలవాటై ఉంటే.

అలవాటు కాకపోతే దెబ్బ తినేది సరిగ్గా అక్కడే. దూరపు వైపు మిడ్‌ఫీల్డర్ ఒకడు జరగకుండా తన మనిషి దగ్గరే ఉండిపోతాడు, మధ్యలో పదిహేను మీటర్ల దారి తెరుచుకుంటుంది. రెండో లోపం: ఇద్దరు సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లూ ఒకే బంతి మీదికి వెళ్లడం. "నువ్వు వెళ్తే నేను ఉంటా" అన్నది మాటల్లోనే, గట్టిగా అరిచి, ప్రతిసారీ చెప్పుకోవాలి. మౌనంగా ఆడే జోడీతో ఈ పద్ధతి నడవదు.

4-4-2 పెట్టాలా, 4-1-4-1 పెట్టాలా అన్నది మిడ్‌ఫీల్డ్‌ను బట్టి తేలుతుంది. తల తిప్పి చూసుకునే ఆ ఒక్క మిడ్‌ఫీల్డర్ నిజంగా మంచివాడైతే అతన్ని డిఫెన్స్ ముందు ఒంటరిగా వదిలి 4-1-4-1 ఆడండి. 2022 ప్రపంచకప్‌లో మొరాకో సోఫ్యాన్ అమ్రాబత్‌తో చేసింది అదే. సెమీఫైనల్ దాకా ఆ జట్టు ఇచ్చిన గోల్ ఒక్కటే, అదీ కెనడా మీద తనవాడే వేసుకున్నది. అలాంటివాడు లేక ఇద్దరు మామూలు వాళ్లుంటే 4-4-2 మేలు, ఒకరి లోపం ఇంకొకరు కప్పుతారు. చిన్న మైదానాలు కూడా ఈ పద్ధతికి అనుకూలం. వెడల్పు 55 మీటర్లే ఉన్నచోట 40 మీటర్ల జట్టు దాదాపు మొత్తం కప్పేస్తుంది.

కింద గీత: బంతి ఎవరికిస్తారో ముందు చెప్పండి

సెంటర్ బ్యాక్‌లు ఎత్తుగా, బలంగా, నిదానంగా ఉంటే బాక్స్ అంచుకు దిగి కాచుకోవడం సహజంగానే తోస్తుంది. గీత గోల్‌కు 18 నుంచి 22 మీటర్ల మధ్య, ముందు వరుస సెంటర్ సర్కిల్‌కు ఇవతల. దీనికి వేగం అక్కర్లేదు, గాల్లో బలం, ఓపిక చాలు అనుకుంటారు. ఇంకొకటి కూడా కావాలి: బంతి దొరికాక దాన్ని మోసుకెళ్లే మనిషి. లెస్టర్‌కు ముందు జేమీ వార్డీ ఉన్నాడు, మధ్యలో ఇద్దరి పని ఒక్కడే చేసే ఎన్గోలో కాంటే ఉన్నాడు. మీకు వేగమైన ఫార్వర్డ్ గానీ, బంతిని ఒంటరిగా పట్టి ఉంచగల ఫార్వర్డ్ గానీ లేకపోతే కొట్టిన ప్రతి బంతీ పది సెకన్లలో తిరిగొస్తుంది. తొంభై నిమిషాలు అలా తిరిగొచ్చే బంతిని ఆపగల డిఫెన్స్ ఏ స్థాయిలోనూ లేదు.

ఇందులో గోల్స్ పడే దారులు మూడు. గోల్‌లైన్ దాకా వెళ్లి వెనక్కి కోసిన బంతి: గీత మొత్తం గోల్ వైపు పరుగెడుతుంది, పెనాల్టీ స్పాట్ దగ్గర ఎవరూ ఉండరు. సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లలో ఒకడు ప్రతిసారీ అక్కడే ఆగాలని ముందే పని అప్పజెప్పాలి. రెండోది బాక్స్ బయటి నుంచి షాట్, హెడర్ సగంలో పడినప్పుడు. మూడోది బాక్స్ దగ్గర అనవసరపు ఫౌల్. కిందగీత ఆడే జట్టులో కోపిష్టి డిఫెండర్ ఉంటే ప్రతి మ్యాచ్‌లో రెండు మూడు ఫ్రీ కిక్‌లు దానం చేస్తాడు. ఇక చిన్న మైదానంలో ప్రతి త్రో కార్నర్‌తో సమానం. పొడవుగా త్రో విసిరేవాడు ఎదుటి జట్టులో ఉంటే కిందగీత గురించి మరోసారి ఆలోచించండి.

వెనక ఐదుగురు

2014 ప్రపంచకప్‌కు మూడు నెలల ముందు నెదర్లాండ్స్ మిడ్‌ఫీల్డర్ కెవిన్ స్ట్రూట్‌మన్ మోకాలు దెబ్బతింది. ఆ దేశంలో 4-3-3 అంటే ఫుట్‌బాల్‌కు మరో పేరు. అయినా కోచ్ లూయిస్ వాన్ గాల్ స్ట్రూట్‌మన్ లేని మధ్యభాగం ఆ పద్ధతిని మోయలేదని తేల్చుకుని, వెనక ఐదుగురిని పెట్టి, ముందు రాబెన్, వాన్ పెర్సీలకు ఖాళీ వదిలాడు. మొదటి మ్యాచ్‌లో అప్పటి ఛాంపియన్ స్పెయిన్‌ను 5-1తో కొట్టి, చివరికి మూడో స్థానంలో నిలిచారు.

మధ్యలో బలహీనత ఉన్నప్పుడు, ముగ్గురు నమ్మకమైన సెంటర్ బ్యాక్‌లు ఉన్నప్పుడు ఐదుగురు పనికొస్తారు. నిదానమైనవాణ్ణి దాచడానికి కూడా ఇది చక్కని చోటు: అతను ఆటను బాగా చదవగలిగితే మధ్యలో నిలబెట్టి, వేగమైన ఇద్దరిని అటూ ఇటూ పెట్టండి. పొరపాటున అతన్ని పక్కన పెడితే వింగ్‌బ్యాక్ పైకి వెళ్లిన ప్రతిసారీ టచ్‌లైన్ దగ్గర ఒంటరిగా వింగర్‌కు దొరికిపోతాడు.

ఊపిరి పరీక్ష నెగ్గిన వింగ్‌బ్యాక్‌లు ఇద్దరు లేకపోతే మాత్రం దీని జోలికి పోవద్దు. అలసిన వింగ్‌బ్యాక్‌లు కిందే ఉండిపోతారు, అయిదుగురి గీత కదలదు, ముందు మిగిలేది ఒక్కడు. పేరుకు 3-5-2, ఆడేది 5-4-1. బెంచ్ మీద కూడా కనీసం ఒక వింగ్‌బ్యాక్ ఉండాలి. అరవయ్యో నిమిషం తర్వాత అవసరం పడుతుంది.

మనిషి దొరకకపోతే తయారు చేసుకోవచ్చు. 2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక చెల్సీ కోచ్ ఆంటోనియో కాంటె 3-4-3కి మారాడు. వింగర్ విక్టర్ మోజెస్‌ను వింగ్‌బ్యాక్ చేశాడు, ఫుల్‌బ్యాక్ అజ్పిలిక్వెటాను ముగ్గురిలో కుడివైపు సెంటర్ బ్యాక్ చేశాడు. ఆ తర్వాత లీగ్‌లో వరసగా 13 మ్యాచ్‌లు గెలిచి టైటిల్ పట్టుకెళ్లారు. ఇందులో గమనించాల్సింది, ఇద్దరినీ వాళ్లకు అప్పటికే ఉన్న గుణం వాడుకునే చోటికే జరిపాడు. అలాంటి కంటి చూపు మనకూ కొత్త కాదు. అప్పటి భారత కోచ్, హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపితే, అతను సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ గోల్ కొట్టాడు. భారత్ స్వర్ణం గెలిచింది.

మనిషికి మనిషి

నేర్పడానికి ఇదే తేలిక: "ఏడో నంబర్ నీవాడు, వదలకు." అందుకే కొత్త కోచ్‌లు దీని వైపు మొగ్గుతారు. కానీ ఆడడానికి ఇదే అన్నింటికంటే ఖరీదు. ఒక్కడు ఓడితే వెనక కాచేవాడు ఉండడు. గాస్పెరిని నడిపిన ఇటలీ క్లబ్ అట్లాంటా మైదానమంతా మనిషికి మనిషిని కట్టి 2024 యూరోపా లీగ్ ఫైనల్లో అప్పటిదాకా ఆ సీజన్‌లో ఓడని లెవర్‌కూసెన్‌ను 3-0తో ఓడించింది. అదే తరహా ఆడిన బియెల్సా లీడ్స్ యునైటెడ్ 2020-21లో తొమ్మిదో స్థానంలో ముగించి, మరుసటి ఏడాది కాల్విన్ ఫిలిప్స్, లియామ్ కూపర్ గాయాలతో దూరమయ్యాక కుప్పకూలింది. 2022 ఫిబ్రవరి ఒక్క నెలలోనే ఐదు మ్యాచ్‌ల్లో 20 గోల్స్ ఇచ్చింది, ఆ నెల తిరక్కుండానే కోచ్ పదవి పోయింది. పద్ధతి మారలేదు, దాన్ని మోసే ఇద్దరు లేరు, బెంచ్ మీద వాళ్లకు బదులు లేదు.

కాబట్టి మనిషికి మనిషి ఆడే ముందు పదకొండు మందిని కాదు, పదహారు మందిని లెక్కపెట్టండి. గాయం, పసుపు కార్డు, అలసట అన్నీ ఇందులో రెట్టింపు ఖరీదు. పసుపు కార్డు పడ్డవాడు తన మనిషిని గట్టిగా పట్టుకోలేడు. అతని మార్కింగ్‌ను వెంటనే ఇంకొకరితో మార్చాలి.

మధ్యేమార్గం ఉంది. ఒట్టో రెహాగెల్ గ్రీస్ 2004 యూరోలో ఎదుటి ఫార్వర్డ్‌లకు ఒక్కొక్కరిని కట్టి, వెనక ట్రయానోస్ డెల్లాస్‌ను ఖాళీగా ఉంచింది. ఫ్రాన్స్, చెక్, పోర్చుగల్, మూడు నాకౌట్ మ్యాచ్‌లూ 1-0. కొట్టిన మూడు గోల్స్ తలతోనే. జిల్లా స్థాయిలో ఇంకా తేలికైన రూపం చాలు: జట్టంతా మధ్యస్థ గీతలో జాగాలను కాస్తూ, ఎదుటి జట్టులో ఆట నడిపే ఒక్కడికి మాత్రం ఒకణ్ణి కట్టండి. కట్టేది మీ మంచి డిఫెండర్‌ను కాదు, ఊపిరి ఎక్కువగా ఉండి బంతితో పెద్దగా పనిలేని మిడ్‌ఫీల్డర్‌ను. ఎదుటివాడు ఆట వదిలి టచ్‌లైన్ దగ్గరికి వెళ్లి నిలబడితే మీవాడు కూడా వెళ్లాలా అన్నది ముందే తేల్చి చెప్పండి. వెళ్లొద్దన్నదే మంచి జవాబు, మధ్యభాగం ఖాళీ అవుతుంది.

జాబితా చూసి జోడించడం

సెంటర్ బ్యాక్‌లు వేగంగా ఉన్నారు, కీపర్ గోల్ వదలడు. పైగీత వద్దు, మధ్యస్థ గీతనే హాఫ్‌వే లైన్ వైపు అయిదు మీటర్లు జరపండి, కీపర్ మారాక మిగతాది ఆలోచించొచ్చు. కీపర్ ధైర్యవంతుడు, సెంటర్ బ్యాక్‌లు నిదానం. చాలామంది కీపర్‌ను నమ్మి గీత పైకి పంపుతారు. పొరపాటే, కీపర్ ఒక మ్యాచ్‌లో అయిదుసార్లు బయటికి వచ్చి నాలుగుసార్లు గెలిచినా ఓడిన ఆ ఒక్కటీ గోలే.

ఒకడు వేగం, ఒకడు నిదానం అయిన జోడీ అన్నింటికంటే సాధారణం. ఇద్దరినీ ఒకే గీతలో నిలబెట్టక తప్పదు గానీ పని వేరు చేయొచ్చు: నిదానమైనవాడు ఫార్వర్డ్ మీదికి వెళ్లి గాల్లో పోటీ పడతాడు, వేగమైనవాడు రెండు మీటర్లు వెనక నుంచి కప్పుతాడు. ఈ జోడీతో మధ్యస్థ 4-4-2 హాయిగా నడుస్తుంది. ఆఫ్‌సైడ్ ఉచ్చు మాత్రం నడవదు, ఆ రెండు మీటర్ల తేడాయే ఫార్వర్డ్‌ను ఆన్‌సైడ్ చేస్తుంది.

వారానికి రెండు ప్రాక్టీసులే దొరికే జట్టు ఒక్క పద్ధతి పెట్టుకుని దాన్నే అరగదీయాలి. మధ్యస్థ గీత జరగడం కుదరడానికి ఆరేడు ప్రాక్టీసులు పడుతుంది. పైగీతకు అంతకు రెండింతలు. టోర్నీకి పది రోజులే ఉంటే ఎంపిక అప్పుడే అయిపోయింది.

కార్నర్లలో మాత్రం పద్ధతి మార్చుకోవచ్చు. గాల్లో బలమైన ముగ్గురుంటే వాళ్లను గోల్ ఏరియా గీత మీద, దగ్గరి పోస్ట్ నుంచి మధ్య దాకా జాగాలకు కాపలా పెట్టి, మిగిలినవాళ్లతో పరుగెత్తి వచ్చేవాళ్లను అడ్డగించండి. ముగ్గురు లేకపోతే మనిషికి మనిషి తప్పదు. అప్పుడు కూడా దగ్గరి పోస్ట్ ముందు ఒకడు జాగాకే ఉండాలి. సరిగ్గా పడని కార్నర్లు అక్కడికే వస్తాయి.

మ్యాచ్ మధ్యలో మార్చాలా వద్దా అన్నది స్కోరు చూసి నిర్ణయించకండి. మొదటి ఇరవై నిమిషాల్లో ఎదుటివాళ్లు మన గీత వెనక ఎన్నిసార్లు బంతి అందుకున్నారో బెంచ్ మీద ఒకరితో గీతలు పెట్టించండి. మూడు దాటితే స్కోరు 0-0 ఉన్నా, 1-0తో మీరే ముందున్నా సరే, గీతను పది మీటర్లు దించండి. వెనక్కి ఒక్కసారీ రాలేదు గానీ మీ మిడ్‌ఫీల్డర్ల ముందు ఎదుటివాడు తిరిగి నిలబడి షాట్లు కొడుతున్నాడంటే గీత మరీ కిందుంది. అయిదు మీటర్లు పైకి పిలవండి. ఆ పిలుపు ఇవ్వాల్సింది బయటున్న కోచ్ కాదు, నిదానమైన ఆ సెంటర్ బ్యాకే. గీత అతని పరుగుకు సరిపోయే చోటే ఆగుతుంది.